ఫైనల్‌కి ముందే చావు

ఎడిటింగ్ గదిలో తెరమీద బొమ్మ ఆగిపోయింది. కీమోకి జుట్టంతా రాలిన పాత గోల్‌కీపర్, తన కథనే సినిమాగా తీస్తున్న దర్శకుడి మీద విరుచుకుపడ్డాడు. ఇద్దరూ చిన్ననాటి నుంచి ఒకే జట్టులో ఆడినవారే.

"ఫైనల్‌కి ముందే నన్ను చంపేశావేంట్రా? ఆ మ్యాచ్ నేను ఆడాను! గెలిపించాను!"

"సినిమా కదరా. జనం ఏడవాలి."

"జనం ఏడవడానికి నేను చావాలా? పైగా చచ్చేముందు ఆ నవ్వొకటి! నొప్పి తట్టుకోలేక నర్సుని తిట్టిన తిట్లు నీకు వినపడలేదా? పక్కనే ఉన్నావుగా!"

"విన్నాను."

"మరి నేను పోయేదాకా ఆగలేకపోయావా?"

"నువ్వు పోయాక ఆ సీను నావల్ల కాదురా. అందుకే నువ్వుండగానే తీసేశాను."

"ఏడవకు, వెధవా! ముందు నన్ను ఫైనల్ ఆడించు. ఆ తర్వాత చంపుకో."