గాలి కోసం తెరిసిన జోలె

"అమ్మమ్మా, నిన్న కొట్లో అంతమంది ముందు అలాగ అరిచేశావేటి? ఆ అమ్మాయి నిన్నేటన్నాదని?"

ఏటీ అనలేదమ్మీ. ఆ పిల్ల ఏటీ అనలేదు. అదే గదా నా బాద. ఏదన్నా అనుంటే నానూ ఓ మాటనీసి ఊరుకుందును. అది పాపం మోకాళ్ళ మీద కూకోని, నవ్వుతా, నా నడుంకి బెల్టు కడతన్నాది. "బిగుతుగా ఉందా మామ్మగారూ" అని అడుగుతన్నాది. నానేమో... సీ. నిన్నట్నుంచి నాకు మెతుకు దిగలేదు. నువ్వేమో కొనకండానే ఒచ్చీసినావు. ఆటోలో పిల్లదాన్ని ఒళ్ళో ఎట్టుకొని, ఆ పక్కకి తిరిగి రోడ్డు సూసుకుంటా కూకున్నావు. తిట్టినా బాగుణ్ణు, ఇంత సిగ్గనిపించీది కాదు.

సెప్తాను, ఇను. ఆ ఫేను కాస్త ఇటు తిప్పు, పిల్లదానికి గాలి తగల్లేదు. ఆఁ, సాలు.

అసలు నువ్వు "క్యారియర్ కొనాలి, గాజువాక ఎల్దాం రా అమ్మమ్మా" అంటే నానేటనుకున్నానో తెలుసా? మీ ఆయనకి అన్నం క్యారేజీ అనుకున్నాను. రోజూ స్టీలు ప్లాంటుకి ఎల్లే మడిసి గదా, పాతదాని మూత సొట్టపోయుంటాది, కొత్తది కొంటన్నాది గావాల అనుకున్నాను. నవ్వకు! నిజమే సెప్తన్నాను. తీరా ఎల్లి సూత్తే గుడ్డలూ, బెల్టులూ, బక్కిల్సూ. పిల్లల్ని గుండెకి కట్టుకొని మోసీదంట. సరే, బాగుంది. దారిలోనే సెప్పినావు గదా నువ్వు, ఎందుకు గావాలో. ఈ పిల్ల పుట్టినకాణ్ణించి కూర్మన్నపాలెంలో ఈ నాలుగ్గోడలే సూత్తన్నావు. బయటికెల్దామంటే ఓ సేతిలో పిల్ల, ఓ సేతిలో సంచీ, ఆటో ఎక్కాలంటే ఇంకో సెయ్యి గావాల. "ఓ సాయంత్రం పిల్లని కట్టుకొని సముద్రం కాడికెల్లాలి అమ్మమ్మా, రెండు సేతుల్తోనూ పట్టుకొని మొక్కజొన్న పొత్తు తినాలి" అన్నావు. ఆ మాట నా సెవులారా ఇన్నాను. ఇన్నాక కూడా అలగ సేసినాను సూడు, నన్నేటనాల.

నానేటి ముందే ఒద్దన్నానా? లేదే. నానూ బాగానే ఏరినాను గదా నీతో. ఆ లావుపాటి స్పాంజిది తీసినావు, నాను ఒద్దన్నాను. మన యెండల్లో అది కట్టుకుంటే రగ్గు కప్పుకున్నట్టుంటాది. నీ ఒంటేడీ దాని ఒంటేడీ కలిసి ఇద్దరూ ఉడికిపోతారు. నల్లది ఒద్దన్నాను. బుజం పట్టీ సన్నగా ఉన్నది ఒద్దన్నాను, అది కోసీత్తాది. ఆ కొట్టు పిల్ల కూడా అదే సెప్పినాది. పట్టీ ఎడల్పుగా ఉండాల, పిల్ల మోకాళ్ళు పిర్రల కంటే పైకుండాల, కప్ప కూకున్నట్టు. మొకం మనకి కనపడతా ఉండాల, గెడ్డం గుండెకి ఆనిపోతే ఊపిరాడదు అనీసి. ఎంత ఓపిగ్గా సెప్పినాదో! ఆ తర్వాత సిల్లులు సిల్లులుగా వల లాంటిది తీసినాది, నెట్టుది. బూడిద రంగు... కాదు కాదు, లేత నీలం. అది నాకు నచ్చినాది కూడాను. వల సంగతి మనకి తెలీదేటి? సముద్రం ఒడ్డున పుట్టినోళ్ళం.

అప్పుడు నువ్వు పిల్లదానికి పాలు పడతానని ఆ మూల కూకున్నావు. ఆ కొట్టు పిల్లేమో "మామ్మగారూ, మీరూ ఎత్తుకుంటారు గదా, ఓసారి ఏసుకొని సూడండి" అని నాకు కట్టీసినాది. టప్పుమని బక్కిలెట్టీసినాది. ఎదురుగుండా నిలువుటద్దం. అందులో నన్ను నాను సూసుకున్నాను. అది కాళీగా నా ముందర ఏలాడతన్నాది. ఆ పిల్ల దాని అంచులు రెండూ తీసి నా సేతుల్లో ఎట్టి, "ఇలగ తెరిసి పట్టుకోండి, పాపని ఇందులోకి దింపుదాం" అన్నాది. అంతే. ఏటన్నానో నాకే తెలీదు.

"నాకు తెలుసు. 'ఈ ముష్టి జోలె నాకొద్దు, తీసీ' అన్నావు."

అన్నాను. ముష్టి జోలె అన్నాను. అక్కడ కొనుక్కోడానికొచ్చినోళ్ళందరూ తిరిగి సూసినారు. ఆ పిల్ల మొకం ఇంతయిపోయినాది.

జోలె అంటే నీకేటి తెలుసులే. నీకు తెలిసిందల్లా అడుక్కునీవోళ్ళ బుజానికి ఏలాడీదే. మాకలగ కాదు. మీ అమ్మ సంటిదప్పుడు దాన్ని జోలెలో ఏసుకొనే తిరిగినాను నాను. ఆ మాటకి అప్పట్లో మాకు తప్పు లేదు. మీ తాత ఏటకెల్లిపోయీవోడు, ఎల్తే ఎప్పుడొత్తాడో సముద్రానికే తెలియాల. మా అత్త అప్పటికే పోయినాది. పిల్లని ఒగ్గీసి ఎల్లడానికి ఇంట్లో మడిసి లేదు. తెల్లారగట్ల హార్బర్లో సేప ఎత్తి, తట్ట నెత్తినెట్టుకొని, పూర్ణా మార్కెట్టు కాడ కొంత అమ్మీసి, మిగిల్నది పట్టుకొని ఆ ఎనకాల సందుల్లో ఇంటింటికీ ఎల్లీదాన్ని. అప్పట్లో వంజరం అంటే ఇంత ముక్క, ఎంత సవగ్గా ఒచ్చీదనుకున్నావు! ఇప్పుడు ముట్టుకుంటే సెయ్యి కాలతాది. ఏటి సెప్తన్నాను? ఆఁ, తట్ట. తట్టకి ఓ సెయ్యి గావాల, సేప తీసి ఇవ్వడానికి ఓ సెయ్యి గావాల. మరి పిల్ల? అందుకే జోలె. మా అమ్మ నేత సీర ఒకటి ఉండీది, ఉతికి ఉతికి ఉల్లిపొర లాగ అయిపోయినాది. దాన్ని సగానికి సింపి, ఓ కొస బుజం మీంచి, ఓ కొస సంక కిందనించి తెచ్చి ఎనకాల ముడేసీదాన్ని. ఆ ముడి మీ తాత నేర్పినాడు, తాడుకేసీ ముడి, లాగీకొద్దీ బిగుసుకుంటాది. మీ అమ్మ అందులో కూకోని నా జాకెట్టు పట్టుకొని నిద్రోయీది. మహారాణి అనుకో.

ఆ సందుల్లో ఓ మేడ ఉండీది. ఆ ఇంటావిణ్ణి మేడింటమ్మ అనీవోళ్ళం. వారానికి ఎన్నిసార్లు కొనీదో! కానీ బేరం అంటే బేరమే బాబూ. సేప మొప్ప ఎత్తి సూసీది, పొట్ట నొక్కి సూసీది, ఓ పావలా తగ్గించమని తట్ట దింపించి నిలబెట్టీసీది. అయినా మంచిదే. నన్ను పేరెట్టి పిలిసీది, "నూకాలూ" అనీసి. మొత్తమ్మీద ఆ సందులో నన్ను పేరెట్టి పిలిసీది ఆవిడొక్కర్తే. మిగిల్నోళ్ళందరికీ నాను "ఓ సేపలూ" నే.

ఓ రోజు యెండాకాలం. సేప తొందరగా అయిపోయినాది. డబ్బులు నడుంలో దోపుకున్నాను. కొళాయి కాడ తట్ట కడిగి, మూసున్న కొట్టు మెట్ల మీద బోర్లించి, పక్కనే కూకున్నాను. కాసింత నీడుందక్కడ. మీ అమ్మకి మెడంతా పేలిపోయి ఉన్నాది, సెమటకి. లేసి గునుస్తన్నాది. ఆ సందులోకి సముద్రం గాలొత్తాది ఆ ఏలకి, తెలుసు గదా, అక్కడ ఓ మూల నిలబడితే తగుల్తాది. ఆ గాలొచ్చినాది. పిల్లకి తగలాలి గదా అనీసి లేసి నిలబడి, జోలె అంచులు రెండూ ఇలగ, ఈ రెండు సేతుల్తోనూ, ఇలగ తెరిసి పట్టుకున్నాను. సూసినావా? ఇలగ. పిల్ల సల్లబడి నవ్వినాది. నాను దాని మొకమే సూత్తన్నాను.

టప్పుమని ఏదో పడినాది.

పిల్ల పొట్ట మీద రూపాయి బిళ్ళ. తలెత్తి సూత్తే మేడింటమ్మ. గుడికెల్లి ఒత్తన్నాది గావాల, సేతిలో కొబ్బరి సెక్కలున్నాయి. "పాపం, పసిదానికి పాలు పట్టమ్మా" అన్నాది. ఎంత మెత్తగా అన్నాదనుకున్నావు! నాతో ఎప్పుడూ అంత మెత్తగా మాటాడలేదావిడ. నా మొకం వేపు సూడనేలేదు. నెత్తి మీద తట్ట లేకపోతే నాను నూకాల్ని కాను గావాల ఆవిడికి. తట్ట పక్కనే ఉన్నాది, బోర్లించి. దాన్నీ సూడలేదు. సేపకి పావలా ఒదలని మడిసి, జోలె కనపడీసరికి రూపాయి ఏసీసినాది.

"అమ్మగారూ, నాను నూకాల్ని" అంటే సరిపోయీది. అంతే గదా మాట. నోరు పెగల్లేదమ్మీ. నడుంలో నా కష్టం డబ్బులు ఒత్తుకుంటన్నాయి, అయినా పెగల్లేదు. ఇప్పటికీ అదే అనుకుంటాను, ఎందుకనలేకపోయినానా అని. అంటే ఆవిడ సిగ్గుపడిపోయీది గదా. ఆ సిగ్గు కూడా నానే పడీసినాను.

అంతటితో అయిపోలేదు. మీ అమ్మ ఆ బిళ్ళ గుప్పిట్లో పట్టీసినాది. నోట్లో ఎట్టుకుంటాదేమో, గొంతుకి అడ్డం పడతాదేమో అని ఏళ్ళు ఇడదీసి లాక్కున్నాను. అది గుక్కెట్టి ఏడుపు. దారినెల్తన్న పెద్దాయనెవరో ఆగి, "పిల్ల సేతిలోది కూడా లాక్కుంటన్నావేటే" అని కసిరి ఎల్లిపోయినాడు. ఓలమ్మో. బూమి నోరు తెరిసి మింగీత్తే బాగుణ్ణనిపించినాది. ఆ బిళ్ళ మెట్టు మీద ఎట్టీసి, తట్ట పట్టుకొని, ఎనక్కి సూడకండా ఇంటికొచ్చి పడినాను.

మరి జోలె కట్టలేదు నాను. ఆ సీర ముక్క వంటింట్లో మసిగుడ్డ సేసీసినాను. మా అమ్మ సీర అది. ఆ తర్వాత మీ అమ్మనీ, మీ మావయ్యనీ సంకనే మోసినాను. ఓ సెయ్యి తట్టకి, ఓ సెయ్యి పిల్లకి. నా నడుం ఓ పక్కకి ఎందుకొరిగిపోయిందని డాక్టరమ్మ అడిగితే వయసమ్మా అన్నాను, నువ్వూ పక్కనే ఉన్నావు. వయసేటి! మేడింటి సందుకి ఎల్లడమే మానీసినాను. ఎప్పుడో మార్కెట్లో ఆవిడే కనపడి, "ఏమే నూకాలూ, రావటం మానేశావు, నీ దగ్గర దొరికే చేప ఎక్కడా దొరకట్లేదు" అన్నాది. నవ్వీసి ఊరుకున్నాను. ఆవిడికి తెలీదు పాపం. ఆవిణ్ణేటనగలం? జాలిపడినాది. జాలి పడీవోళ్ళ మీద కోపం కూడా రాదు, అదే మహా సెడ్డ.

మీ అమ్మకి కూడా సెప్పలేదు. ఎలమంచిలి నించి ఫోన్ సేసినప్పుడు నువ్వూ సెప్పకే. తన జోలెలో ముష్టి పడిందని ఇంటే... ఒద్దు. కాదులే, సెప్పు. సెప్పీ. దానికీ మనవరాలుంది ఇప్పుడు, రేపు నానెప్పుడన్నా ఇది కట్టుకోనంటే ఎందుకో దానికి తెలియాల గదా.

అది గాదు, నాకిప్పుడు ఆ కొట్టు పిల్ల మొకమే కనపడతన్నాది. దాని మాట ఇంటే మన పేటల పిల్లే అనిపించినాది. రోజంతా నిలబడి సేసీ ఉద్యోగం. దాని సేతిలో ఉన్నదాన్ని అందరి ముందూ ముష్టిదనీసినాను. అది తలొంచుకొని బక్కిలు ఊడదీసి, మడతెట్టీసి, "సారీ మామ్మగారూ" అన్నాది. అది సారీ సెప్పినాదే! ఏటి సేసినాదని? నాకు ఆవేళ నోరు రాలేదు, నిన్నేమో రాకూడని సోట ఒచ్చీసినాది. పెద్దదాన్ని, సిగ్గుండాల గదా నాకు.

ఏడవకు. నువ్వెందుకే ఏడవడం? పిల్లది సూత్తన్నాది.

యెండ తగ్గిందేమో సూడు. తగ్గితే లే, మొకం కడుక్కో. ఎల్దాం. ఆ కొట్టు పిల్లని నానే అడుగుతాను, నువ్వు ఎనకాలుండు. క్యారియర్ అనలేను గానీ, క్యారియర్ అంటే నాకు సాంబారన్నం గుర్తొత్తాది. "అమ్మా, నిన్నటి జోలె ఇయ్యి తల్లీ" అంటాను. జోలె అనే అంటాను. మా అమ్మ సీరతో కట్టింది కూడా జోలే. ఆ పిల్ల మళ్ళీ కడతానంటే కట్టించుకుంటాను, ఆ అద్దం ముందరే నిలబడి.

ఆ సిల్లులదే తీసుకుందాం, లేత నీలందే. ఇదిగో, ఒకటడుగుతాను సెప్పు. అందులోంచి గాలి దానంతటదే ఎల్తాది గదా? పిల్లకి యెండకి సెమటడితే, మనం ఇలగ... ఇలగ అంచులు తెరిసి పట్టుకొని నిలబడక్కర్లేదు గదా?

అక్కర్లేదా?

అయితే అదే. అదే కొందాం. ఆ డబ్బులు నానిత్తాను, నువ్వు మాటాడకు. పిల్లదాన్ని కట్టుకొని అటునించటే సముద్రం కాడికెల్దాం. రెండు సేతుల్తోనూ తిను ఆ పొత్తు, నాను సూత్తాను. సల్లగా ఉండండి తల్లీ... మీరిద్దరూ సల్లగా...