తొమ్మిదో కంప్లెయింటు

1997. కోవిల్‌పట్టి శివార్లలో అగ్గిపెట్టెల కార్ఖానా కూలీల కాలనీ. ఆదివారం మధ్యాహ్నం, కాలనీ సభకు ఇంకా రెండు గంటలుంది. సభ నోటుబుక్కు రాసే పంచవర్ణం, భర్త పోయిన మనిషి, ఐదో సందు చివర తన ఇంటి అరుగు మీద అట్టపెట్టెలు అంటిస్తోంది. భార్య పోయిన పొన్నుసామి రెండో సందు నుంచి ఇక్కడికి రావడం పొద్దుట్నుంచి ఇది మూడోసారి. ఈసారి చెప్పులు కూడా విప్పి కూర్చున్నాడు.

"అయితే నీకు ఒక్క కంప్లెయింటు కూడా లేదంటావు."

"లేదు బావా."

"నీ ఇంటి ముందర లైటు?"

"వెలుగుతాంది. నిన్న నిచ్చెనేసి బల్బు మార్చింది నువ్వే కదా. లైటు కమిటీ నువ్వేనాయె."

"మార్చకుండా ఉండాల్సింది. పోనీ, కాలవ?"

"పారుతాంది. కాలవ కమిటీ కూడా నువ్వే."

"కొళాయి? తొమ్మిది దినాలకొకసారి వచ్చే నీళ్ళు, చివరిల్లు నీది, నీ బిందె నిండకముందే ఆగిపోతాయి కదా?"

"ఉండేది నేనొక్కదాన్ని. రెండు బిందెలు చాలు. ఏం బావా, నా చేత ఎవురినో ఒకరిని తిట్టించాలని అంత ఆశా?"

"తిట్టమనలే. సభలో చెప్పమన్నా. నలబై ఇండ్లుండాయి, ఇంటికొక మాట. ఆరేండ్లుగా అందరి మాటా రాస్తాండావు, నీ మాట ఒక్కటన్నా రాసినావా? సంగిలిని చూడు, పోయిన సభలో కుక్కలు మొరుగుతాండాయని చెప్పినాడు."

"చెప్పి కుక్కల కమిటీ అయిపోయినాడు! ఇప్పుడు ఏ సందులో కుక్క మొరిగినా, 'సంగిలీ, నీవాళ్ళు పిలుస్తాండారు' అంటాండారు పిల్లోళ్ళు. పాపం. ఆ రూలు పెట్టిందెవురు?"

"నేనే."

"ఏమని పెట్టినావు?"

"ఇప్పుడెందుకది?"

"చెప్పు, వింటా."

"ఎవురు కంప్లెయింటు చేస్తే ఆ పని వాళ్ళదేనని. లేకుంటే మూడు గంటలు నోరు నొప్పెట్టేట్టు మాట్లాడి, ఎవురి దోవన వాళ్ళు పోతాండిరి కదా. సభ చెయ్యెత్తి సరేనంటే, పని ముగిసేదాకా వాళ్ళే చూసుకోవాల."

"ఇంకొకటుండాదే. మూక్కన్ రూలు."

"... పని చేతిలో ఉండేవాళ్ళు కాలనీ వదిలి పోకూడదు."

"ఆ! కొళాయి కమిటీ మూక్కన్, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని విరుదునగర్‌లో కూతురింటికి పోయి కూర్చున్నాడు. ఇక్కడ నీళ్ళొచ్చిపోయినాయి. నలబై ఇండ్లోళ్ళం బిందెలు పట్టుకుని తాళాన్ని చూస్తా నిలబడినాము. ఆ పొద్దు నువ్వేసిన కేకలు అరుప్పుకోట్టై దాకా వినబడింటాయి."

"ఆ ఊరి పేరెత్తకు."

"ఎత్తకుంటే ఊరు యాడికి పోతాది? శుక్రవారం ఆ ఊరినుంచే మా తమ్ముడు రామానుజం వ్యాను తీసుకుని వస్తాండాడు. 'ఒంటిగా ఎందుకక్కా, మా మగ్గాల దగ్గరికొచ్చి ఉండు' అన్నాడు. సరేనన్నా."

"ఎందుకన్నావు?"

"వద్దనేవాళ్ళు ఎవురుండారు?"

"సభ ఉండాది."

"సభా?"

"నలబై ఇండ్లు..."

"ఇంటికొక మాట అంటివి కదా. నీ ఇంటి మాటేంది?"

"నా ఇల్లు... నా ఇంటి కప్పు కారతాంది."

"అట్లనా! మొన్న అంత వానకు కారలేదే!"

"నవ్వకు పంచవర్ణం. నీకు నవ్వుగా ఉండాది. నువ్వు పోతే ఈ నోటు ఎవురు రాస్తారు?"

"ఇసక్కిసెల్వి. పది చదివింది, నాకంటే అక్షరం బాగుంటాది."

"ఆ పిల్ల రాత నాకు నచ్చదు."

"నీకు చదవనే రాదు కదా బావా!"

"రాకపోయినా నచ్చదు! ఇదో, ఒక్కటే ఒక్క కంప్లెయింటు చెయ్యి. చిన్నది. దోమలని చెప్పు, ఈగలని చెప్పు. అందరికంటే ముందు నేను చెయ్యెత్తుతా. పని నీ చేతిలో పడనీ, రామానుజం వ్యాను కాదు, లారీ తెచ్చినా మూక్కన్ రూలు చెప్పి వెనక్కి పంపిస్తా."

"ఓహో! అందుకా మూడుసార్లు వచ్చింది! అందుకా నా బల్బును అట్లా చూస్తాండావు, ఎప్పుడు ఆరిపోతాదా అని!"

"అందుకే. చెప్పించినావు, చాలా? నువ్వు పోయేది నాకు ఇష్టం లే."

"ఈ ఒక్క మాటకు ఆరేండ్లా?"

"చేతల్లో ఎప్పుడో చెప్పినా, మాట ఒక్కటే మిగిలింది. రెండో సందులో కాలవ నిండి పారతాంటే, నేను ఐదో సందు కాలవ మీద కంప్లెయింటు చేసినా. ఎందుకనుకున్నావు?"

"నాకే కాదు, కాలనీ మొత్తానికి తెలుసు. వళ్ళియమ్మాళ్ అత్త సభలోనే నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది."

"నవ్వనీ. ఆ నోటు తియ్యి. సాయంత్రానికి ఏమేముండాయి?"

"ఒకటి, పిల్లోళ్ళ బాల్వాడి తలుపు ఊడిందని తంగపాండి. రెండు, మెట్లు విరిగిండాయని జోతిలక్ష్మి. మూడు... అవన్నీ ఎందుకు, ఎనిమిదోది కొళాయి దగ్గర బురదని నువ్వు. అంతే."

"అంతే ఏంది? దాని కింద ఇంకా నాలుగు వరసలుండాయి, అరచెయ్యి పెట్టి మూసినావు. చదవను రాకున్నా కండ్లుండాయి నాకు."

"అది సాయంత్రం చదువుతా."

"ఇప్పుడే చదువు."

"నొచ్చుకోకూడదు మరి. తొమ్మిది. 'రెండో సందు పొన్నుసామి ఇంట్లో పొద్దున పొయ్యి వెలగడం లేదు. వట్టి టీ తాగి కార్ఖానాకు పోతాండాడు. పెండ్లాం పోయి ఏడేండ్లాయె, తిన్నావా అని అడిగే దిక్కు లేదు. కాలనీ పనులన్నీ మోసే మనిషిని ఎవురో ఒకరు చూసుకోవాల.'"

"ఎవురు? ఎవురు చేసినారు ఇది? నా పరువు తీయడానికి ఆ సంగిలిగాడే చేసింటాడు!"

"సంగిలి కాదు."

"మరెవురు?"

"పొద్దున నువ్వు మొదటిసారి రాకముందే రాసిపెట్టినా. కింద పేరు నాదే. అందరికంటే ముందు చెయ్యెత్తుతానన్నావు కదా బావా, మాట తప్పొద్దు."