మా అయ్య ముట్టని హ్యాష్

రా నిఖిలా, రా. గేటు తాళం వెయ్యలేదు, తోసుకుని వచ్చీ. ఏటి, వాసన మీ ఫ్లాట్ దాకా వచ్చీసిందా? మంచిదే, నేనే పిలుద్దామనుకుంటున్నాను. ఆ స్టూలు లాక్కుని కూచో ముందు, నిలబడకు, ఆస్పత్రి నించి వచ్చి వారం తిరగలేదు, నడుం కట్టీసుకుని ఆ ఆఫీసు లాప్‌టాప్ ముందు కూచోడమేటి? ప్రణవ్ ఆఫీసుకెళ్ళిపోయేడా? సరేలే, మగాళ్ళకి ఏడుపొస్తే ఆఫీసుంటుంది. ఇదిగో, ఈ చెంచాడు నోట్లో వేసుకుని ఉప్పెలాగుందో చెప్పు. ఊదుకుని తిను, కాలుతుంది. నేనా? నా నాలుకని నమ్మకు. నువ్వే చెప్పాలి. ఏటంటావా, ఇది హ్యాష్. బంగాళదుంపలు, ఉల్లిపాయలు, డబ్బాలో వచ్చే ఉప్పు మాంసం. దొరలు ఎద్దు మాంసంతో చేసుకునీవారు, మా ఇంట్లో మాత్రం మేకమాంసం డబ్బా. అదుగో, సింకు పక్కనున్నది. ఆ మూత ముట్టుకోకు, కత్తిలాగుంటుంది. మా మనవరాలు భువన ఉంది చూడూ, అది చూసిందంటే "అమ్మమ్మా, టిన్ ఫుడ్ సో అన్‌హెల్తీ లా" అంటుంది. అంటూనే రెండు ప్లేట్లు లాగించీస్తుంది, దొంగ మొహంది.

ఇది మా అయ్య నేర్పిన వంట. మా అయ్య పేరు మారయ్య. విజయనగరం వైపు పల్లె నించి ఓడెక్కి వచ్చి, ఇక్కడే, సింగపూర్లో ఈ సెంబవాంగ్‌లోనే, నేవల్ బేస్‌లో దొరల మెస్సు వంటింట్లో చేరేడు. ఇప్పుడు మనం కూచున్న ఈ బ్లాకులు లేవప్పుడు, అన్నీ రబ్బరు చెట్లూ, అవతల ఓడలాగీ డాకూ. మాకు క్వార్టర్స్ ఇచ్చేరు. పెద్ద వంటవాడు హైనాన్ చీనాయన, పొట్టిగా ఉండి కేకలేసీవాడు. మా అయ్య హ్యాష్ చేస్తుంటే పక్కన నిలబడి, "మారా! యూ కుక్, యూ నో టేస్ట్! హౌ కెన్?" అని గోల. నిజంవే మరి, మా అయ్య ఎప్పుడూ ఉప్పు చూసీవాడు కాదు. అది వాళ్ళ దేవుడికి పడదేమోలే అనుకుని ఆ చీనాయనే చెంచాతో తీసుకుని చూసీవాడు. తినకపోతేనేం, మా అయ్య చెవితో వండీవాడు. ముందురోజే దుంపలు ఉడకబెట్టి ఉంచాలి, కత్తితో కొయ్యకూడదు, చేత్తో చిదపాలి. ఉల్లిపాయ ఎర్రగా వేగేక మాంసం వేసి, దుంప వేసి, గరిటెతో పెనానికి అదిమీసి వదిలీడమే. కదపకూడదు. కదిపేవో ఉప్మా అయిపోతుంది. మొదట తడి చప్పుడుంటుంది, కాసేపటికి ఆ చప్పుడు సన్నబడుతుంది. అప్పుడు అడుగు చెక్క కట్టిందన్నమాట, అప్పుడు తిరగెయ్యాలి. ఇదిగో, విను. ఇంకా అవలేదు. ఈ పచ్చిమిరపకాయలూ కరేపాకూ మాత్రం మా అమ్మవి, దొరలవి కావు.

ఇంట్లో అయ్య వంటింట్లోకొచ్చేడంటే ఎవరికో మనసు బాగులేదని అర్థం. రోజూ వంట అమ్మదే. నేను పరీక్ష తప్పినరోజు తిట్టలేదు, చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించి పెనం పెట్టేడు. పక్కింటి మలాయావిడ మొగుడు పోతే ఆవిడ పిల్లల్ని తీసుకొచ్చి కూచోబెట్టి ఇదే వండి పెట్టేడు, డబ్బా మీద బొమ్మ చూపించి "కంబింగ్, కంబింగ్, మేకే, పంది కాదు" అని ఆవిడకి నమ్మకం చెప్పి మరీను. ప్రతిసారీ ఒకటే కేక. "తారా! ఇలగ రా, ఉప్పు సూడమ్మా." నేను పరిగెత్తుకెళ్ళి చూసి, "చాలయ్యా" అనీదాన్ని. ఆ చెక్కంతా మాకు పెట్టీసి, తను చారూ అన్నం తిని లేచిపోయీవాడు. పిల్లల కోసం నోరు కట్టుకుంటున్నాడనుకునీవాళ్ళం. ఒకసారి నేను ముద్ద చేసి నోటి దగ్గర పెట్టేను కూడా. తల పక్కకి తిప్పీసుకుని, "నువ్వు తిను, నాకు దొరల దగ్గర తిని తిని మొహం మొత్తింది" అన్నాడు. నమ్మీసేను. చిన్నపిల్లని, ఏం తెలుస్తుంది? అక్కడ వాళ్ళు దేవుడనుకున్నారు, ఇక్కడ మేం మొహం మొత్తడమనుకున్నాం. అసలు సంగతి మా అమ్మకొక్కర్తికే తెలుసు.

తరవాత దొరలు వెళ్ళిపోయేరు, బేస్ మూసీసేరు. మా అయ్య షిప్‌యార్డు కేంటీన్లో చేరేడు, అక్కడ తువాస్ ఫేక్టరీలకి పోయీ కుర్రాళ్ళకి పరోటాలు... కాదు కాదు, తువాస్ అప్పుడెక్కడిది, అది తరవాత. నా బుర్ర చూడు, అన్నీ కలిసిపోతున్నాయి. ఏం చెప్తున్నాను? ఆఁ, మా అయ్య పోవడం. ముసలితనం, గుండె, నిద్రలోనే పోయేడు. బాధపడకుండా పోయేడని అందరూ అన్నారు. ఎవరైనా ఆ మాటంటే నాకు చెడ్డ కోపం. పోయినవాడు బాధపడలేదు సరే, మా సంగతో?

సంవత్సరీకం వచ్చింది. మా వాళ్ళలో ఎలాగంటే, విస్తరి వేసి పోయినవాళ్ళకి ఇష్టమైనవి పెడతారు. చుట్ట కాల్చీవాళ్ళకి చుట్ట, కల్లు తాగీవాళ్ళకి కల్లు. మొహమాటవేం లేదు. అప్పటికి నాకు పెళ్ళయి పిల్లలు. మా అయ్యకి ఇష్టమైంది ఏదని ఎవర్నైనా అడగాలా? జీవితమంతా ఆయన చేతిలో చూసిందొకటే కదా. పొద్దున్నే లేచి, తడిబట్టతో, దుంపలు చేత్తోనే చిదిపి, చెక్క కట్టీదాకా చెవి పెట్టి విని చేసేను. ఉప్పు చూడకుండానే. పెద్దలకి పెట్టీది ఎంగిలి కాకూడదు కదా. విస్తట్లో గారెలు ఓ పక్కకి నెట్టి మధ్యలో పెట్టేను. ఎంత గర్వమనుకున్నావు, మా అయ్య మనసు నాకే తెలుసని. మా అమ్మ సూరమ్మ లోపలికొచ్చింది. విస్తరి కేసి చూసింది. చూసి వంగి, రెండు చేతులతో దాన్నంతా తీసీసి గిన్నెలో వేసీసింది. మా పెదనాన్న "అదేటే సూరమ్మా, పెట్టిన విస్తరి కెలుకుతావు" అని కేకలు. నేనూ తగువాడేను. డబ్బా మాంసమని మడి చూపిస్తోందనుకున్నాను. "అయ్యకిష్టమమ్మా, నీకు తెలీదా?" అన్నాను. అప్పుడంది. "ఇష్టమేనే. అందుకే వదిలీసేడు. వదిలీసింది విస్తట్లో పెడితే ఆయనెలాగ ముడతాడు? ఆకలితో లేచెళ్ళిపోడూ?"

నీకు తెలుసా ఈ సంగతి, కాశీలో వదలడం? మీ కరీంనగర్ వైపూ ఉంటుందిలే. కాశీ వెళ్ళి ఇష్టమైంది ఏదో ఒకటి వదిలీసి వస్తారు, మళ్ళీ చచ్చీదాకా ముట్టరు. మా అయ్య కాశీ ఎక్కడ వెళ్తాడు, ఓడ చార్జీలకే అప్పు. మాకు ఓ అన్న ఉండీవాడు నిఖిలా. అప్పన్న. నాకంటే పెద్ద, ఇంకా బడిలో వెయ్యలేదు. నాకు మొహం గుర్తులేదు, ఫొటో లేదు. వాడికి హ్యాష్ అంటే ప్రాణమట. అయ్య పెనం పెడితే వాడు పక్కన కూచుని "అయ్యా, మాడిందా? మాడిందా?" అని అడుగుతూ ఉండీవాడట. అడుగు చెక్క వాడికే. గొంతులో ఏదో జబ్బు చేసింది, రెండు రోజుల్లో ఊపిరాడక పోయేడు. చిన్నపిల్లలకి దహనం లేదు కదా, అయ్యే చేతుల మీద తీసుకెళ్ళి పూడ్చి వచ్చేడు. వచ్చి బయట కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ మా అమ్మతో, "సూరీ, కాశీకెళ్ళీ రాత మనకి లేదు. వాడు తిన్నది ఇంక నేను తినను" అన్నాడట. అంతే. మళ్ళీ ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. ఆలోచించు తల్లీ, వదిలీసినవాడు వదిలీసినట్టు ఉండడానికీ లేదు, మర్నాటి నించీ మెస్సులో అదే వండాలి. పొద్దున్నే అదే వాసన, అదే చప్పుడు. మాకెవరికైనా మనసు బాగులేకపోతే ఇంటికొచ్చి మళ్ళీ అదే. ఎలా వండేడో. ఉండు, కళ్ళజోడు తుడుచుకోనీ. ఉల్లిపాయల ఘాటు కాదులే, ఏడుపే. ఈ వయసులో ఎవరికి దాచాలి.

ఆరోజు మా అమ్మ ఆ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అయ్యకి పెట్టడానికి లేదు, పారబొయ్యడానికి చెయ్యి రాదు. కాసేపటికి కత్తిపీట లాక్కుని అరిటాకు కొసన చిన్న ముక్క కోసింది, ఇంత, అరిచెయ్యంత. అయ్య విస్తరి పక్కన వేసి, గిన్నెలోంచి అడుగు చెక్క ఏరి ఏరి దాన్లో పెట్టింది. మా పెదనాన్న ఊరుకుంటాడా? "ఊహ తెలీకుండా పోయినోడికి విస్తరేటే? శాస్త్రంలో లేదు" అన్నాడు. మా అమ్మ పెద్ద గొంతుతో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు, ఆరోజు తప్ప. "శాస్త్రంలో లేకపోతే లేడు. నా కడుపులో ఉన్నాడు కదా!" అంది. అప్పటి నించీ మా ఇంట్లో రెండు ఆకులు. అయ్యకి చారూ అన్నం, గారెలు. వాడికి చెక్క. వాణ్ణి పూడ్చిన చోటు కూడా ఇప్పుడు లేదు, తవ్వీసి ఫ్లాట్లు కట్టేరు. ఆకు ముక్కొక్కటే మిగిలింది వాడికి.

ఎందుకు చెప్తున్నానంటావా? గోడ పలచన నిఖిలా, మీ అత్తగారు స్పీకర్ ఫోన్లో అన్నది నాకు వినపడింది. "నాలుగో నెలనే గదా, గది మైల గాదు, దినాల్ లేవు, ఏడ్సుకుంట కూసోకు, ఆఫీస్‌కు పో." ఆవిణ్ణి తిట్టనులే, ఆవిడకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. కానీ నువ్వు ఏడవకుండా తిరుగుతుంటే నేను చూడలేకపోతున్నాను. నాలుగో నెలలో పోతే ఏం, నీ బిడ్డ కాదా? ఏడు తల్లీ, ఏడు. ఆఁ, అలాగ. ముక్కు చీదుకో, టిష్యూ అక్కడుంది.

ఏటీ? నువ్వూ ఏదైనా వదిలీసెయ్యాలా? వద్దు. వద్దమ్మా, నామాట విను, నువ్వేమీ వదలకు. నువ్వు తినాలి, ఒంట్లో రక్తం పట్టాలి. వదిలీసినవాళ్ళం చాలు. మా అమ్మ పోయేక అస్థికలు సముద్రంలో కలిపొచ్చేం కదా, ఆరోజు ఈ హ్యాష్ వదిలీసేను నేను. ఎందుకో నాకే సరిగ్గా తెలీదు. అప్పన్నని ఎరిగినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు కదా, వాడి పేరు మీద ఒకరైనా ఏదో ఒకటి మానకపోతే వాణ్ణి అందరూ మర్చిపోయినట్టే అవుతుంది కదా అనిపించింది. అందుకే నిన్ను చూడమన్నాను ఉప్పు.

ష్, విను. సన్నబడింది చప్పుడు. అయింది. ఇదిగో ఈ ఆకు ముక్క నీకోసమే కడిగి ఉంచేను. ఇలాగ నేల మీద వేసి, ఈ చెక్క నీ చేత్తో పెట్టు. పేరు పెట్టలేదా? పోనీ, పేరెందుకు. ఎంగిలా? నువ్వు ఉప్పు చూసేవనా? పిచ్చిదానా, పిల్లలకి అమ్మ రుచి చూసి పెట్టకపోతే ఇంకెవరు చూసి పెడతారు? పెట్టు. ఊదు, చల్లార్చి పెట్టు... అయ్యో, వాన! కిటికీ బయట గెడ మీద బట్టలు తడిసిపోతున్నాయి. నువ్వు లేవకు, కూచో, నేను చూసుకుంటాను.