పెదవి చురుక్కుమనని వైన్

మధ్యాహ్నం, ‘తో’ అనే ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఒనొరీన్ నడిపే ఆల్చిప్పలు వడ్డించే పాకలోకి ఆమె తమ్ముడు ఫుల్‌క్రాన్, తన తోటలో పండిన పిక్‌పూల్ ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ సీసా పట్టుకుని పన్నెండేళ్ళ తర్వాత వచ్చి కూర్చున్నాడు.

“ముందు తాగి చెప్పక్కా. తర్వాత తిడుదువుగాని.”

“రెండూ ఒకేసారి చేయగలను. ఉండు, ఈ కత్తి పక్కన పెట్టనీ. ఊఁ.”

“ఎలా ఉంది?”

“నిమ్మకాయ కడిగిన నీళ్ళలా ఉంది.”

“అంటే... బాగున్నట్టా?”

“నాన్న హయాంలో ఒక గుక్క వేస్తే పెదవి చురుక్కుమనేది. ఇదేమో పెదవిని బతిమాలుతోంది. దేంతో తినమని అమ్ముతున్నావురా దీన్ని?”

“సీసా మీద రాశాంగా. ఆల్చిప్పలు, వేయించిన స్క్విడ్, సెత్ ఊరి ఆక్టోపస్ రొట్టె, మేకపాల చీజ్...”

“నా ఆల్చిప్పల జోలికి రాకు. దీనికి ఉడకేసిన బంగాళాదుంప చాలు. అదీ ఉప్పు లేకుండా.”

“అక్కా, నేను సరదాకి రాలేదు. కోత...”

“కోతకేం? పారిస్ వాళ్ళొచ్చి ఫొటోలు తీసుకుపోతున్నారటగా. ‘మహా నాలుక ఫుల్‌క్రాన్’ అని పేపర్లో చూశా. ఆ కాయితంలోనే చేపలు చుట్టిచ్చా.”

“అది సరేగానీ, సోమవారం కోసేద్దామా, ఇంకో వారం ఆగాలా? ద్రాక్ష తెచ్చా. ఒక్క గింజ కొరికి...”

“నన్నెందుకడుగుతావు? తోట నీది. నాకు దక్కింది ఈ ఉప్పునీళ్ళు. ఇదిగో, నువ్వూ ఓ గ్లాసు తాగు. నీ వైన్ గొప్ప నీ నోటే వింటాను.”

“ఆహా... సముద్రపు గాలి. పచ్చి ఆపిల్. చివర్లో నిమ్మతొక్క. మన నేలక్కా, అచ్చంగా మన నేల!”

“మన నేలేనా?”

“కళ్ళు మూసుకుని చెప్తా.”

“కళ్ళు తెరువు. అది నేను మస్సెల్ గుల్లలు ఉడికించడానికి సూపర్‌మార్కెట్‌లో కొనే అట్టపెట్టె వైన్. స్పెయిన్‌ది.”

“ఏదీ, ఇంకో గుక్క తాగనీ.”

“ఎన్ని గుక్కలు తాగినా స్పెయిన్‌దే.”

“పొద్దున్నుంచీ జలుబు.”

“ఫుల్‌క్రాన్.”

“కాస్త జ్వరం కూడా...”

“ఫుల్‌క్రాన్! ఎప్పణ్ణుంచి?”

“పుట్టినప్పణ్ణుంచి. పులుపూ తీపీ తప్ప నాకింకేం తెలీదక్కా. వాసనే తగలదు. ఇన్నాళ్ళూ మా వైన్ గోదాములో పనిచేసే ముసలి బాప్తిస్తాన్ రుచి చూసి చెవిలో చెప్పేవాడు. పోయిన నెల పోయాడు.”

“మరి నాన్న? ఇద్దరికీ గ్లాసులిచ్చి పరీక్ష పెట్టి, నాలుకంటే వీడిదని తోట నీకు రాసిచ్చాడే!”

“ఎప్పుడూ నువ్వే ముందు తాగేదానివి. నువ్వు నోరు తెరిచేలోపే నీ మొహం చూసి చెప్పేసేవాణ్ణి.”

“నా మొహం...”

“అక్కా, గింజ ఒక్కటి.”

“ఆ ద్రాక్ష ఇటు పెట్టు. నువ్వు అటు తిరుగు. తోటలో సగం నా పేర రాసేదాకా ఈ మొహం నీకు కనపడదు.”