లీటరుకి ఇరవైనాలుగు

ఏంది వెన్నెలా, షోరూమోడు లీటరుకి ఇరవైనాలుగు కిలోమీటర్లు ఇస్తాదన్నాడా? కాగితం మీద అచ్చేసి మరీ చూపించినాడా? ఉండు, ఆ కుర్చీ ఇట్టా లాగు. కారు కొనుక్కో, నేనొద్దన్లా. మీ నాయన ఆ స్కూటరు మీద మన కోట ఊరి నించి నెల్లూరు పొయ్యొచ్చి నడుం పట్టుకోని కూర్చుంటా ఉండాడు, ఎన్నాళ్లని? ఆ ఇరవైనాలుగుని మాత్రం ఇంట్లోకి తేబాకమ్మా. ఆ అంకె పట్టుకోనే మా బావ చంద్రమౌళి ఒక మనిషిని... ఏసుమణి అని, బావకి డ్రైవరు. నీకు తెలవదులే, నిన్నప్పటికి బళ్లో వేసినారో లేదో.

రొయ్యలు బంగారం పలికిన రోజులవి. బావ కొత్త డీజిలు కారు తెచ్చినాడు. ఇంక నాతో సహా కనపడినోడికల్లా ఒకటే పాట, "ఏం పద్మనాభయ్యా, లీటరుకి ఇరవైనాలుగు, కంపెనీవోడు ఊరికే రాస్తాడా!" అని. వాళ్ల సందులో కారు పట్టదు, అందుకని రొయ్యల గుంటల కాడ షెడ్డులో ఏసుమణే పెట్టేవాడు. తీరా చూస్తే పదిహేను కూడా రావడంలా. ఎట్టా వస్తాది? బావ తిరిగింది ఎక్కడనుకున్నావు? గుంటల గట్ల మీద, గతుకుల్లో, మొదటి గేరు, రెండో గేరు. డిక్కీ నిండా మేత బస్తాలు. పనోళ్లు గుంటలో మేత పళ్లేలు ఎత్తి రొయ్యలు తిన్నాయో లేదో చూసేదాకా ఈయన కారులోనే ఏసీ వేసుకోని పేపరు చదివేవాడు. దిగితే చెమటంట! అదంతా ఆయన లెక్కలోకి రాలా. గుంటల కాడ డీజిలు దొంగతనాలు మామూలే గదా, ఇంజన్లకి పెట్టిన క్యాన్లే మాయమైతా ఉండేయి. దాంతో అందరి కళ్లూ ఏసుమణి మీదికి పొయినాయి.

ఆదిశేషమ్మ, అదే మా అక్క, బావ పెళ్లాం, "మనింట్లో అన్నం తిన్నోడు, తియ్యడు" అనింది. "అయితే ఒట్టెయ్యమను" అన్నాడు బావ. మన పద్ధతి అదే గదా, తప్పు చెయ్యనోడు వెలిగే కర్పూరం మీద చెయ్యేసి ఆర్పుతాడు, అంతటితో సరి. బావ చెడ్డోడు కాదమ్మా, అది కూడా చెప్పాల. పదిమందిని కూర్చోబెట్టి, "మా కర్పూరం వద్దులేరా, మీ బైబిలు మీదే చెయ్యిపెట్టు, రేపు మళ్లీ బండెక్కు" అన్నాడు, ఏదో పెద్ద దయ చూపించినట్టు. ఏసుమణి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "మాకు ఒట్టు పెట్టకూడదయ్యా, ఆ బైబిల్లోనే ఉంది. దేని మీదా పెట్టకూడదు. తియ్యలేదంటే తియ్యలేదయ్యా." ఇంకేముంది! "నిజమైతే భయమెందుకురా?" అని ఒకడు. "చూసినావా, వాళ్ల దేవుడి పుస్తకాన్నే ముట్టుకోలేకపొయినాడు!" అని ఇంకొకడు. భక్తితో వెనక్కి తీసుకున్న చెయ్యి మనోళ్లకి దొంగ చెయ్యిలాగ కనపడింది. కోటలో ఇంకెవురూ అతనికి బండి తాళం ఇవ్వలా. పెళ్లాం మగ్దలీనమ్మని తీసుకోని సూళ్లూరుపేట పొయినాడు, అత్తగారింటికి. ఐసు లారీ తోలుకుంటా ఉండాడని విన్నాం.

తర్వాత బావే తోలుకున్నాడు. ట్యాంకు మూతకి తాళం, ఆ తాళంచెవి మొలతాడుకి. నవ్వబాక, నిజంగానే! అయినా పదిహేనే. బంకోడు మోసం చేస్తాండాడని బంకు మార్చినాడు. పదిహేనే. పోట్లాడదామని నన్నెక్కించుకోని నెల్లూరు షోరూముకి పొయినాడు. ఆడ టై కట్టుకున్న పిల్లోడు నవ్వినాడమ్మా. "సార్, అది గదిలో రోలర్ల మీద చక్రాలు తిప్పి తీసే లెక్క. ఏసీ వెయ్యరు, బస్తాలుండవు, గతుకులుండవు. రోడ్డు మీద ఎవురికీ అంత రాదు సార్, అందరికీ తెలిసిందే గదా." అందరికీ తెలిసిందేనంట! బావ, "ఎవురూ తియ్యకుండానే తగ్గిపోద్దా?" అని అడిగినాడు. ఆ పిల్లోడు చెప్పినా వినపడనట్టు మళ్లీ అదే అడిగినాడు.

అటు నించి అటే సూళ్లూరుపేట. ఆ ఇంటి ముందర కారాపి, దిగకుండానే, "ఒరే ఏసుమణీ! రారా, ఇంక ఈ బండి నువ్వే తోలాల!" అని కేకేసినాడు. మగ్దలీనమ్మ బయటికొచ్చింది. చేతిలో చాట. మమ్మల్ని చూసి ఆగిపొయింది. "ఆయన లేడయ్యా. నాయుడుపేట కాడ లారీ తిరగబడింది. పోయిన వానలప్పుడు." ఓరి దేవుడా... మాకు కబురే లేదమ్మా! ఎవురు చెప్తారు? దొంగ అని పంపించినోడికి చావు కబురు ఎవురు చెప్తారు? బావ దిగినాడు. డోరు పట్టుకోని, "అమ్మా, ఏసుమణి తియ్యలేదు. కంపెనీ లెక్కే అట్టాంటిదంట. షోరూమోళ్లు చెప్పినారు" అన్నాడు.

ఆమె అరవలా, ఏడవలా. "షోరూమోళ్లు చెప్తే నమ్మినారా అయ్యా?" అనింది.

నేను పక్కనే ఉండా... ఆమె మొహం...

ఏందమ్మా? ఏం లేదులే. ఆ ఫ్యాను కాస్త పెంచు.