కిష్టయ్య బాయిల నీళ్లబల్లి

గద్వాల పాత బస్టాండు వెనక సుభద్రమ్మ చాయ్ హోటల్. పొద్దున పూట బల్ల మీద ముగ్గురే కూర్చున్నారు. విత్తనపత్తి పండించే కిష్టయ్య, ఆయన పక్క చేను పెంటయ్య, ఆ ఇద్దరి చేన్లలో పత్తిపూలకు పుప్పొడి అద్ది క్రాసింగు చేసే కూలి పనికి పోయే ఆశీర్వాదం.

"ఏం ఆశీర్వాదం, శనివారం నీ బిడ్డ నిరోష హాస్టల్ కెంచి వస్తదంట గద? అయితే కిష్టమామ బీరువకు ఇంకో తాళమెయ్యాలె" అని పెంటయ్య నవ్వాడు. బీరువాలోని బొమ్మను నిరోష దొంగిలించిందన్న రెండేళ్ల నాటి మాట అది, ఇంకా పాతబడలేదు. ఆశీర్వాదం తల దించుకొని చాయ్ ఊదుకున్నాడు.

"పెంటయ్యా, ఆ మాట ఇంకోసారి అనకు" అన్నాడు కిష్టయ్య. "నిరోష తియ్యలే. ఆ బొమ్మ యాడున్నదో నాకెరుకే. నా బాయిలున్నది. కండ్లార జూసిన."

"బాయిల్నా?"

"మరి! అది ఉత్త బొమ్మ అనుకుంటున్నవా? మా బామ్మర్ది జగదీశ్ హైద్రాబాదుల టాక్సీ నడుపుతడు గద, బయటి దేశమాయన ఒకడు కారు దిగిపోతా చేతుల వెట్టిండంట. జానెడు పొడుగు, పాము అసొంటి మెడ, తాబేలు అసొంటి పెయ్యి, కాళ్లకు బదులు నాలుగు తెడ్లు. కోట్ల ఏండ్ల కింద సముద్రంల ఉంటుండెనంట. దాని అసలు పేరు నోరు తిరగదు, అందుకే మా బిడ్డ అమూల్య నీళ్లబల్లి అని వెట్టుకున్నది. పొట్ట కింద నంబరు గూడ ఉండె. గసొంటియి లోకంల కొన్నే చేస్తరంట, పెద్ద పెద్దోళ్లు అద్దాల బీరువలల్ల జమ చేస్కుంటరంట. మరి నేనేం తక్కువ? నేను గూడ బీరువల్నే వెట్టి తాళమేసిన. గని ఆ పిల్లలు ఊకుంటరా? అమూల్య, నిరోష ఇద్దరు బడి కెంచి రాంగనె నన్ను బతిమాలి తీపిచ్చుకుందురు, గంగాళంల నీళ్లు వోసి దాన్ని ఈదిపిచ్చుడే ఈదిపిచ్చుడు. ఏం నవ్వుదురో! ఇప్పుడు మా ఇంట్ల ఆ నవ్వు లేదు. అమూల్య ఒక్కతే కూసుంటది. సరే, అది ఇడ్సిపెట్టు."

"ఇడ్సిపెడ్త గని మామా, బీరువకు తాళముండె. నీ బాయి ఊరికి మైలు దూరం. కాళ్లు లేనిది ఎట్ల నడిచిపాయె?"

"నడిచిపోయిందని ఎవరన్నరు? నా లుంగి మడతల పోయింది. ఆ యేడు కొత్త మోటరు దించితి గద, ఊరందరి కండ్లు దాని మీదనే. అందరు దిష్టికి పాత చెప్పు గడ్తరు, నిమ్మకాయలు గడ్తరు. కిష్టయ్య మోటరుకు గూడ పాత చెప్పేనా? లోకంల ఎవ్వనికి లేని దిష్టిబొమ్మ ఉండాలె అని, మెడకు నల్లదారం జుట్టి పైపుకు నేనే గట్టిన. స్టార్టరు ఒత్తిన్నో లేదో, పైపు దడదడ అదిరింది, దారం తెగింది, బుడుంగున వడ్డది."

ఆశీర్వాదం చేతిలో గ్లాసు మూతి దాకా పోయి ఆగింది. కిష్టయ్య అది చూశాడో ఏమో, గొంతు పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో రోజు పోయి తొంగి జూస్తే, జానెడు బొమ్మ పిల్లంత అయ్యింది! నెల తిరిగెటాలకు బర్రెదూడంత. మోటరుకున్న ఫుట్‌వాల్వు బొరుగుల లెక్క నమిలి మింగింది. నేను మెట్ల మీద నిలవడి, 'ఏమే, నన్ను గుర్తువడ్తవా?' అంటే గిట్ల మెడ తిప్పి జూసింది. ఎండకాలం అందరి బాయిలు ఎండె, బోర్లు ఎండె. నా బాయి ఎండలే. ఎందుకెండలే? అది తెడ్లతోని బండను తవ్వుకుంట తవ్వుకుంట ఏకంగ కృష్ణ దాంక సొరంగం వొడిచింది!"

"నిరుడు నీ చేన్ల పత్తి నిలువున ఎండె గద మామా? నా కండ్లతోని నేనే జూస్తి."

"అది అలిగిన దినాలల్ల. అలుగుతది పెంటయ్యా, దానికి గూడ మనసుంటది. నా మీద అలిగింది. ఎందుకో నాకెరుకే, నీకవసరం లేదు. అలక తీరినంక ఏం జేసిందో ఇను. కరెంటు లేదు, చిమ్మచీకటి, పైపు మూతిల వెట్టుకొని ఒక్క ఊదు ఊదితే మూడెకరాలు తడిసి, నీళ్లు రోడ్డెక్కి, పెబ్బేరు వొయ్యే బస్సు ఆడ్నే ఆగిపాయె. లైన్‌మన్ వచ్చి, 'కరెంటు లేకుంట నీ మోటరు ఎట్ల నడుస్తది, కిష్టయ్యా?' అని నా కాళ్ల మీద వడ్డడు."

"లైన్‌మన్ గూడ కాళ్ల మీద వడ్డడా?" అని సుభద్రమ్మ పాలగిన్నె దించుతూ నవ్వింది.

"వడక ఏం జేస్తడు సుభద్రక్కా? ఇదంత ఓ లెక్కనా? మొన్నటి వరద సంగతి ఇను. అలంపూరు మునిగిందని రేడియోల చెప్పంగనె బాయిల నీళ్లు కుతకుత ఉడికినయ్. సొరంగంల వడి కృష్ణకు, కృష్ణ కెంచి తుంగభద్రకు ఎదురీదుకుంట పాయె. అప్పటికి ఎంతుండెననుకున్నవ్? మెడ ఒక్కటే జూరాల డ్యామంత! ఇండ్ల మీద కెంచి మనుషులను ఒక్కొక్కరినే వీపు మీద ఎక్కిచ్చుకున్నది. నలుగురు గాదు, పది మంది గాదు, నాలుగు నూర్ల మంది. బర్రెలు, మేకలు, ఒకామె అయితే పొయ్యి మీద కూర దించకుంటనే ఎక్కింది."

"మా అక్క అలంపూర్లనే ఉంటది. మిద్దె మీద రెండు దినాలు కూసున్నది. ఆమెకు గసొంటిది ఏం కానరాలే గద?" అంది సుభద్రమ్మ.

"మీ అక్క అటు మొకం చేసి కూసున్నదక్కా, ఇది ఇటు కెంచి వచ్చింది. పైన హెలికాప్టరు తిరుగుతుంటే మెడ లేపి కిటికీల మూతి వెట్టింది. లోపలాయన పరేషానై బిస్కట్ల పుడ్క ఇచ్చిండు. తాను తింటదా? వీపు మీదున్న పిల్లలకు పంచింది. అందరిని గడ్డకేసి, అందరి దిక్కు ఒకసారి జూసింది. నా దిక్కు మాత్రం..." కిష్టయ్య గొంతు తగ్గింది. "నా దిక్కు జూడలే పెంటయ్యా. మొకం మలుపుకొని పాయె. అందుకే చెప్తున్న. నిరోష తియ్యలే. ఎవ్వరు తియ్యలే. దాని తోవ అది జూస్కున్నది."

పెంటయ్య తొడ చరుచుకొని నవ్వబోయాడు. ఆశీర్వాదం గ్లాసు కింద పెట్టిన చప్పుడుకు ఆగిపోయాడు.

"కిష్టన్నా, హెలికాప్టరు సంగతి నాకు తెల్వదు. మొదట చెప్పిన మాట ఇంకోసారి చెప్పు. బీరువల కెంచి ఎవరు తీసిండ్రు? మోటరుకు ఎవరు గట్టిండ్రు?"

"అది... కత తమ్మీ. నాలుగు మాటలు కలిపి చెప్తుంట, నీకు తెల్వదా?"

"కత గాదన్నా. నువ్వు చెప్పినదాంట్ల నమ్మేటట్టున్నది అదొక్కటే."

సుభద్రమ్మ గరిటె ఆపింది.

"ఆ రోజు మీ ఇంటామె రాధమ్మక్క బొమ్మ కోసం నా బిడ్డ బడిసంచి అరుగు మీద బోర్లిచ్చింది" అన్నాడు ఆశీర్వాదం. "నేను నీ చేన్ల కూలికి వచ్చెటోన్ని, సిగ్గుతోని చచ్చిన. నీ గడప ముంగట్నే తొమ్మిదేండ్ల పిల్లను తుమ్మబరిగె ఇరిగెదాంక గొట్టిన. 'యేసయ్య తోడు నాయ్నా, నేను తియ్యలే' అని మొత్తుకున్నది. నేను నమ్మలే. బడిల దొంగ, దొంగ అంటుంటే వనపర్తి హాస్టల్ల ఏసిన. ఇప్పటికి గూడ నేను చెయ్యి లేపితే, తల దువ్వనీకి లేపినా సరే, మొకానికి చెయ్యి అడ్డం వెట్టుకుంటది. నువ్వు గడపల నిలవడి జూస్తుంటివి గదన్నా. ఇంత నోరున్నోనివి. ఆ ఒక్కరోజు ఒక్క మాట రాలే నీకు."

కిష్టయ్య తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "చెప్దామనే వస్తి తమ్మీ. బరిగె లేసేటాలకు నోరెండిపాయె. ఇంత మంది ముంగట నేనే తీసిన అని ఎట్ల చెప్పాలె అనుకున్న. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట రెండేండ్లాయె. ఇయ్యాల ఈ బల్లి కత గూడ అందుకే పెంచుకుంట వచ్చిన. ఇది ఇంటేనన్న నిరోష మీది మాట పోతదేమోనని. తప్పు నాది. నాది తమ్మీ."

"నాకు చెప్తే ఏమొస్తది? శనివారం పొద్దుగాల బస్సు దిగుతది. దానికి చెప్పు. అమూల్యను గూడ తీస్కరా."

పెంటయ్య కూడా చూపులు దించుకున్నాడు. కిష్టయ్య చల్లారిన చాయ్ పక్కకు జరిపాడు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరూ అడగకుండానే మాట్లాడే మనిషి, మెల్లగా అడిగాడు.

"ఏమని మొదలువెట్టాలె తమ్మీ?"

ఆశీర్వాదం లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"'నేనే తీసిన బిడ్డా' అని మొదలువెట్టు. ఆడ్నే ఆపు."