ఎనిమిది నిమిషాలు అడిగిన పెద్దమనిషి

1992 జూలై ఆరో తేదీ, సోమవారం ఉదయం, ఇస్త్రీ మడత నలగని యూనిఫాం చొక్కాతో మన డిపోలో డ్రైవరుగా చేరిన పెద్దమనిషి, ముప్పై మూడేళ్ల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ అభినందన వ్యాసాన్ని డిపో టైమ్‌కీపరుకు అప్పగించడంలో మిత్రుల చమత్కారం ఏదో ఉంది. ఆలస్యంగా వచ్చినందుకు వారికి అందిన మెమోలన్నీ ఆ టైమ్‌కీపరు చేత్తో రాసినవే.

తొలి పదేళ్లు దూరప్రాంతాల బస్సులు, ఆపై ఊళ్లో ఏడో నంబరు బస్సు నడిపారు. జనం రోడ్డు దాటే తెల్లగీతల దగ్గర మనిషి కనబడితే ఆగడం, ఆసుపత్రి ముందు హారన్ కొట్టకపోవడం, ఎదుటి బండికి లైటు తగ్గించడం, ముందున్న బండికి ఎడం పాటించడం వారికి ఊపిరి తీసుకున్నంత సహజం. వెనకవాళ్లు తిట్టిపోస్తుంటే కిటికీలోంచి చెయ్యి చాపి "ముందు మీరే" అని దారి ఇచ్చేవారు. ఆ మాటే వారికి పేరై నిలిచింది. ఇన్నేళ్లలో వారి బస్సు వల్ల ఒక్కరికి గోరంత గాయమైనా కాలేదు. ప్రమాదరహిత సేవకు పదకొండు ప్రశంసాపత్రాలు, ఆలస్యానికి అరవై నాలుగు మెమోలు అందుకున్నారు. ఒకే సంస్థ ఒకే మనిషికి ఒక చేత్తో దండ వేసి మరో చేత్తో మొట్టికాయ వేసిన వైనం ఇది.

ఇంట్లోనూ వారి తీరు అంతేనట. వంటింటి గుమ్మంలో ఎదురుపడితే పక్కకు తప్పుకుని శ్రీమతికి దారి ఇస్తారు. ఆమె కూడా మర్యాదస్తురాలే కావడంతో ఇద్దరూ నిలబడిపోతారు. "ఈయన దారి ఇస్తూ ఉంటారు, అక్కడ పాలు పొంగి పొయ్యి ఆరిపోతుంది. ఈ ఇంట్లో నేను తాగినవాటికంటే పొయ్యి తాగిన పాలే ఎక్కువ" అని ఆవిడ మొన్న చెప్పి నవ్వించారు.

తొమ్మిదేళ్ల క్రితం ఏడో నంబరు ప్రయాణకాలాన్ని యాభై ఐదు నిమిషాల నుంచి నలభై ఏడుకు కుదించారు. ఆ ఎనిమిది నిమిషాలు తిరిగి ఇమ్మని వారు ఏటా ఒక అర్జీ పెట్టారు. మొదటి అర్జీ తెచ్చిన రోజున టైమ్‌కీపరు, "పైవాళ్లు వేసిన టైమండీ, నేనేం చేస్తాను?" అన్నాడు.

"పైవాళ్లను తప్పు పట్టను బాబూ. గీతల దగ్గర మనిషి ఉంటే ఆగాలా, వద్దా? ఆ ఒక్క ముక్క కాగితం మీద రాసిమ్మనండి, చాలు."

ఆ ముక్క ఎవరూ రాసివ్వలేదు. ఎవరు రాస్తారు?

కొత్త డ్రైవర్లకు శిక్షణనిచ్చే బాధ్యతా కొన్నేళ్లు వారిదే. వారి శిష్యుల్లో మిన్న అనిపించుకున్న కుర్ర డ్రైవరు, ఉద్యోగం ఇంకా ఖాయం కాకముందే మూడు మెమోలు తిన్నాడు. నాలుగోది పడితే ఇంటికే. నిరుడు ఒక ఉదయం, ఆరు నిమిషాల ఆలస్యంలో ఉండి, అతను బడి ముందరి గీతల దగ్గర ఆగలేదు. కుట్టుపని చేసుకుని బతికే ఒకామె రోడ్డు దాటుతూ ఆ బస్సు కింద పడి అక్కడికక్కడే మరణించింది.

"ఆగాలని తెలుసు సార్. మీరే నేర్పారు. ఆగితే ఉద్యోగం పోతుందనుకున్నాను" అన్నాడట, జైల్లో చూడడానికి వెళ్లిన గురువుతో.

వారు అక్కడి నుంచి తిన్నగా టైమ్‌కీపరు గదికి వచ్చారు. "వాడికి ఆగమని నేను చెప్పాను. ఆగొద్దని మీ మెమోలు చెప్పాయి. వాడు చిన్నవాడు, భయపడ్డాడు. ఇది మనిద్దరం కలిసి చేసిన పనండీ" అన్నారు. మర్నాటి నుంచి శిక్షణ మానుకున్నారు. టైమ్‌కీపరు మాత్రం మెమోలు మానలేదు. ఆ సిగ్గును ఇక్కడ దాచుకోవడంలో అర్థం లేదు.

తొమ్మిదో అర్జీకి గత వారం జవాబు వచ్చింది. వచ్చే నెల నుంచి ప్రయాణకాలం నలభై ఐదు నిమిషాలని అందులో ఉంది. వారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "సరేనండి" అన్నారు. తొమ్మిదేళ్లలో ఈ విషయమై వారి నోట ఆ మాట రావడం అదే మొదలు. అరవై నాలుగు మెమోలకు లొంగని మనిషి అలా అంటుంటే వినలేకపోయాం.

వారి ఇల్లు ఏడో నంబరు దారిలోనే, దుకాణాలకు రోడ్డు అవతలి వైపు ఉంది. ఇకపై మందులకో, కూరలకో ఆ రోడ్డు దాటవలసిన పాదచారి వారే. పుణ్యదంపతులిద్దరూ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని డిపో సిబ్బంది యావన్మందీ మనసారా కోరుకుంటున్నాం. అలా కోరుకుంటూనే వచ్చే నెల నుంచి ఆ దారిన నలభై ఐదు నిమిషాల్లో బస్సు నడుపుతాం. వారిని చూసి ఎవరైనా ఆగితే, ఆ డ్రైవరుకు మెమో రాసేదీ ఈ చెయ్యే.